అత్తగారు స్పానర్ పట్టిన మధ్యాహ్నం

ఆ ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు అల్లుడి చేతికి అందకుండా దాచేవారు. ఫొటో స్టూడియోలో అతని పనితనానికి వంక పెట్టేవాళ్ళు లేరు. ఇంటి సామాను దగ్గరికొస్తే మాత్రం ఆ చేతికి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఇస్త్రీ పెట్టె బాగుచేస్తే షాకు కొట్టింది. గోడ గడియారం విప్పి బిగిస్తే కొన్ని స్క్రూలు మిగిలిపోయాయి, గడియారం నడవడం మానేసింది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కారు పొగలు కక్కుతోందని, రేడియేటర్‌ను చల్లబరిచే ఫ్యాను కాలిపోయిందని తెలియగానే భార్య గట్టిగా చెప్పేసింది. సోమవారం మెకానిక్‌కి ఇద్దామని, అంతవరకు బానెట్ మీద చెయ్యి వెయ్యొద్దని.

అతను బుద్ధిగా తలూపాడు. మర్నాడే కొత్త ఫ్యాను తెచ్చి వాషింగ్ మెషీన్‌లో దాచాడు.

చోటు మంచిదే కానీ, ఇంట్లో బట్టలు ఉతికేది అత్తగారు. కూతురి దగ్గర కొన్నాళ్ళుందామని వచ్చిన ఆవిడ, పొద్దు పోక ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతోంది. ఆదివారం ఉదయం తువ్వాలు కప్పిన ఫ్యానును రెండు చేతులతో మోసుకొచ్చి అతని ముందు పెట్టింది.

"బాబూ, దీన్ని ఉతకాలా, ఆరెయ్యాలా?"

కూతురికి చెప్పొద్దని అల్లుడు బతిమాలాడు. ఆవిడ కాసేపు ఆలోచించినట్టు నటించింది.

"చెప్పను. కానీ విప్పేదీ నేనే, బిగించేదీ నేనే. మీరు టార్చి పట్టుకోండి."

పోయిన మామగారు ఇంట్లో ఏది బాగుచేసినా ఆవిడ చేత టార్చి పట్టించేవారట. వెలుతురు ఇంత పక్కకు జరిగితే కసిరేవారట. కాపురం చేసినన్నాళ్ళూ ఒక్క స్క్రూ తిప్పనివ్వలేదట. ఇదంతా చెబుతుంటే ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. అల్లుడు ఒప్పుకున్నాడు.

కూతురు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. కారు నిలిపే వసారా సరిగ్గా ఆమె పడకగది కిటికీ కిందే ఉంది. ఇద్దరూ పిల్లుల్లా బయటికొచ్చారు. ఇంజను చల్లగా ఉంది. ఫ్యాను మార్చడం చూపించే వీడియోను ఫోనులో ఇద్దరూ పొద్దుటినుంచి తిప్పి తిప్పి చూశారు. అత్తగారు కొంగు బొడ్లో దోపుకుని ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది.

"బాబూ, వెలుతురు నా మొహం మీద కాదు, బోల్టు మీద వెయ్యండి," అంది గుసగుసగా. కసరడంలోనూ మర్యాద తప్పలేదు.

రెండో బోల్టు చేయి జారి ఎక్కడో లోపల టంగుమని పడింది. కిటికీ తెర కదిలింది. ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే గాలి. అల్లుడు నేల మీద వెల్లకిలా పడుకుని, కారు కిందినుంచి చెయ్యి దూర్చి బోల్టు వెదికి తీశాడు. పాత ఫ్యానును అతను గబుక్కున లాగబోతే ఆవిడ అతని మణికట్టు పట్టుకుని ఆపింది. వెనకాలే రేడియేటర్ ఉందని, గీసుకుంటే చిల్లు పడి నీళ్ళన్నీ పోతాయని సైగ చేసి, తనే నిదానంగా పైకి తీసింది.

కొత్తది దిగింది కానీ ఒక పక్క కూర్చోలేదు. పిడికిలితో ఒక్కటి వేస్తే కూర్చుంటుందన్నాడు అల్లుడు.

"గడియారాన్నీ ఇలాగే గుద్దారా?" అని అడిగింది ఆవిడ.

గాజులు మోచేతి దాకా ఎగదోసి, సన్నని చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమింది. రబ్బరు గొట్టం ఒకటి అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు జరపగానే ఫ్యాను టక్కుమని కూర్చుంది. బోల్టులు బిగించి, వైరు గుచ్చి, బ్యాటరీ తీగ కలిపారు.

ఇక తిరుగుతుందో లేదో చూడాలి. ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేస్తే ఫ్యాను వెంటనే తిరగాలి. కానీ ఆ చప్పుడుకు కూతురు లేవకుండా ఉంటుందా? అత్తగారు క్షణం ఆలోచించి వంటింట్లోకి వెళ్ళింది. మరుక్షణం మిక్సీ ఇల్లదిరేలా మోగింది. అదే అదనుగా అల్లుడు తాళం తిప్పాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. అతను సీట్లో కూర్చునే ఎగిరి గంతేసినంత పని చేశాడు.

కూతురు జుట్టు విరబోసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఈ వేళప్పుడు ఏం రుబ్బుతున్నావని అడిగింది. పంచదార పొడి చేస్తున్నానంది తల్లి.

"జారు ఖాళీగా ఉందిగా."

"అయిపోయింది. అందుకే ఖాళీ."

నిద్రమత్తులో కూతురికి వాదించే ఓపిక లేదు. తల్లి మోచేతి మీది నల్లటి మరకను కాసేపు చూసి వెళ్ళి పడుకుంది.

సాయంత్రం కూతురు లేవడం ఆలస్యమై ఆసుపత్రికి వెళ్ళే బస్సు వెళ్ళిపోయింది. నేను దింపుతానన్నాడు అల్లుడు. గాలి కోసమంటూ అత్తగారు వెనక సీట్లో ఎక్కేసింది. పెద్ద సిగ్నల్ దగ్గర కారు ఆగింది. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పాకుతోంది. కూతురు హ్యాండ్‌బ్యాగ్ దగ్గరికి లాక్కుని, దిగి నడవడానికి సిద్ధపడింది. వెనక అత్తగారు ఊపిరి బిగబట్టింది. అంతలో ముందు నుంచి సన్నగా రొద మొదలైంది. ముల్లు ఆగింది, ఆగి కిందికి జారింది.

ఆ చప్పుడేమిటని అడిగింది కూతురు. ఫ్యాను అనేశాడు అల్లుడు నోరు జారి.

"ఎవరు మార్చారు?"

"అత్తయ్యగారు."

కూతురు కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "చేసింది చాలక అమ్మ మీదికి తోస్తారేంటండీ?"

అతను ఏదో చెప్పబోయాడు. వెనకనుంచి అత్తగారు భుజం మీద గట్టిగా నొక్కింది.

"మీ ఆయన చెయ్యి మంచిదేనే. మనమే నమ్మలేదు," అంది కిటికీలోంచి చూస్తూ.

తన భర్తే కారు బాగుచేశాడని ఆ రాత్రికల్లా కూతురు వార్డంతా చెప్పింది. తమ్ముడికీ ఫోను చేసి చెప్పింది. తర్వాతి ఆదివారం తమ్ముడు తన కారులో దిగాడు. వైపర్ కదలడం లేదట. మెకానిక్‌లను నమ్మలేక నేరుగా బావ దగ్గరికే తెచ్చాడట. అల్లుడు నోటి దాకా తెచ్చిన ముద్దను కంచంలో పెట్టేసి అత్తగారి వైపు చూశాడు. అత్తగారు కొడుక్కి మజ్జిగ పోస్తూ, ఒక వైపరే ఆగిందా రెండూ ఆగాయా అని మాటవరసకు అడిగినట్టు అడిగింది. రెండూనన్నాడు.

"అక్కాతమ్ముళ్ళు కలిసి సినిమాకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో," అంది ఆవిడ.

అల్లుడు చెయ్యి కడుక్కుని వెంటనే ఫోను తీశాడు. మ్యాట్నీకి సరిగ్గా రెండు టికెట్లే బుక్ చేశాడు.