కుడివైపు తిరిగిన ఎడమ స్కేటు

…అయినా కుడిదాని సంగతి నాకెందుకు అనుకుంటూనే రోజంతా దాని గురించే ఆలోచిస్తుంటాను. నేను ఒక ఎడమకాలి స్కేటుని. అయిదో నంబరు, అద్దె సరుకు. సముద్రం అవతల ఏదో కార్ఖానాలో నాకు తోలు కుట్టి, అడుగున బ్లేడు బిగించి, బ్లేడు మొనకు నాలుగు పళ్లు చెక్కి, కుడిదాన్నీ నన్నూ ఒకే పెట్టెలో తలకిందులుగా పడుకోబెట్టారు. అప్పటినుంచీ దాని మడమ వాసన చూస్తూనే బతుకుతున్నాను.

హైదరాబాదులో ఒక మాల్ నాలుగో అంతస్తులో మా మంచు రింక్. బయట ఎండకు తారు మెత్తబడుతుంటే లోపల జనం శాలువాలు కప్పుకుని వణుకుతుంటారు. ఇన్నేళ్లలో నా మీద నిలబడ్డవాళ్ల కంటే నన్ను తొడుక్కుని ఫోటో దిగి వెళ్లినవాళ్లే ఎక్కువ. నాకు దాంతో పేచీ లేదు. నా ఆశ వేరు. కోచ్ నయీమ్ కొత్త బ్యాచ్‌కి ఎప్పుడూ ఒక మాట చెప్తాడు: "ఒంటికాలి మీద తిరగాలంటే ఎడమకాలే. కుడిది లేపాలె." ఆ మాట వినీ వినీ నాకు గర్వం పట్టుకుంది. ఏదో ఒక రోజు కుడిది గాలిలో ఊరికే వేలాడుతుంటే, నేనొక్కదాన్నే మంచు మీద గిర్రున తిరుగుతాను. ఆ ఒక్క రోజు కోసం ఎన్ని చెమట మేజోళ్లనైనా భరించాను.

అలాంటప్పుడు ఇందుమతి గారు వచ్చారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, యాభై ఎనిమిదేళ్లు. మొదటి రోజు లేసు కట్టుకుంటూ నయీమ్‌తో చెప్పింది విన్నాను. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం పాఠానికి ముప్ఫై ఏళ్లుగా ఆవిడ బోర్డు మీద ఒకే బొమ్మ గీస్తున్నారు: మంచు మీద తిరిగే మనిషి చేతులు ముడిస్తే వేగం పెరుగుతుంది. ఈ ఏడు ఒక అమ్మాయి లేచి, "అలా తిరిగితే కడుపులో తిప్పదా మేడమ్?" అని అడిగింది. "అది సిలబస్‌లో లేదు, కూర్చో," అన్నారట ఈవిడ. అన్నాక ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. రిటైరయ్యేలోగా ఆ పిల్లకి జవాబు చెప్పాలి.

తొమ్మిది ఆదివారాలు గడిచాయి. నయీమ్ ఎడమకాలి మీద ఎడమకు తిరగమంటాడు, ఆవిడ తల ఊపుతారు, పడతారు. మనుషులు మొహంతో ఏదైనా నటించగలరు, చీలమండతో కుదరదు. ఆ చీలమండ కుడివైపే లాగుతోందని నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నా ఆశ నాది.

పదో ఆదివారం వచ్చింది. మర్నాడే కాలేజీలో ఆవిడ ఆఖరి క్లాసు. రింక్ అద్దాల గోడ అవతల భర్త పద్మనాభం గారు ఆవిడ చెప్పులూ ఫ్లాస్కూ పట్టుకుని కూర్చున్నారు. నయీమ్ కిందపడ్డ ఇంకెవరినో లేపుతున్నాడు. ఎవరూ చూడట్లేదనుకుని ఇందుమతి గారు కళ్లు మూసుకుని, గుండె దగ్గర చేతులు జోడించి, నిలబడ్డ చోటే మూడుసార్లు చిన్న చిన్న అడుగులతో కుడికి తిరిగారు. ఒక్కసారీ తూలలేదు.

"ఇదేంది మేడమ్?" నయీమ్ వెనకనుంచి అడిగాడు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏం లేదు బాబూ. ఆత్మప్రదక్షిణ. పూజయ్యాక రోజూ చేస్తాం. అలవాటు."

"రోజూ కుడికేనా?"

"ప్రదక్షిణ ఎడమకి ఎవరైనా తిరుగుతారా?"

నయీమ్ నెత్తి పట్టుకున్నాడు. "తొమ్మిది వారాల సంది ఈ ముక్క చెప్పలేదేంది మేడమ్? మీరు కుడికి తిరిగే మనిషి. కుడికాలి మీద తిరగండి. ఎడమది లేపండి."

ఎడమది లేపడమంటే నన్ను లేపడం.

ఆవిడ ప్రయత్నించారు. నేను మొన పళ్లు మంచులో దింపేశాను. ఆవిడ పడ్డారు. మళ్లీ లేచారు, మళ్లీ దింపేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

పద్మనాభం గారు అద్దం పక్కనుంచి తల పెట్టి, "చాల్లే ఇందూ, కడుపులో తిప్పదని చెప్పెయ్. ఆ పిల్ల వచ్చి చూస్తుందా ఏంటి?" అన్నారు.

"ముప్ఫై ఏళ్లూ చూడకుండానే చెప్పానండీ," అన్నారావిడ, మోకాలు దులుపుకుంటూ. "రేపొక్క రోజైనా చూసి చెప్తాను."

కోపం లేదు ఆ గొంతులో. చీలమండ మాత్రం మళ్లీ కుడికే లాగింది. నాలో ఉన్న పాదం నాలాగే ఎన్నాళ్లుగానో ఒకే ఒక్క తిరుగుడు కోసం కాచుకుని ఉందని అప్పుడు తట్టింది. పళ్లు వదిలాను.

నేను గాలిలోకి లేచాను. కింద కుడిది ఒంటరిగా తిరుగుతోంది. ఒకటి. చాచిన చేతులు వచ్చి గుండె దగ్గర నమస్కారంలో ముడుచుకున్నాయి, బోర్డు మీది బొమ్మలాగే. అంతే, వేగం పెరిగింది. రెండు. మూడు. నాలుగు.

"నయీమ్, తిప్పుతోంది," అన్నారావిడ, నవ్వుతూ. "కడుపులో బాగా తిప్పుతోంది."

"ఇంక ఆపండి మేడమ్."

"ఎలా ఆపాలి?"

ఆ సంగతి ఎవరూ ఆవిడకి నేర్పలేదు. అంతదూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. కుడిదానికి ఆగడం చేతకాదు, అది తిరుగుతూనే ఉంది.

"ఎడమది దించండి," అన్నాడు నయీమ్.

నేను పళ్లు తగలకుండా, మెల్లగా, మంచు మీద ఆనాను.