కరుణ నవ్విన సినిమా

సూర్యాపేట హైవే పక్కనున్న ఆ ప్రైవేటు దవాఖానలో కరుణ పదకొండేళ్లుగా ఆయా. యాక్సిడెంట్ కేసు ఏది వచ్చినా ముందు స్ట్రెచర్ తోసేదీ, చివరికి నేల కడిగేదీ ఆమే. రక్తమంటే భయం పోయి చాలా కాలమైంది. విసుగు మాత్రం పోలేదు. ఎండిన రక్తం గోటితో గీకినా రాదు మరి.

అలాంటి మనిషికి జాంబీ కామెడీలంటే ప్రాణం. విన్నవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఒక ఆదివారం సెలవు దొరికితే నర్సు నందినిని వెంటబెట్టుకుని కోదాడలో మ్యాట్నీకి వెళ్లింది. సినిమాలో పెళ్లి జరుగుతుండగా శవాలన్నీ లేచి పందిట్లోకి వస్తాయి. ఒక ముసలమ్మ రోకలి అందుకుని దొరికినవాడినల్లా బాదుతుంది. ఒకడి తల ఎగిరి బిర్యానీ గుండిగలో పడి, అక్కణ్ణుంచే "ఉప్పు తక్కువైంది" అంటుంది. తెగిన చెయ్యి ఒకటి పాక్కుంటూ పోయి అప్పడం విరుచుకుంటుంది. కరుణ పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నందిని ఆ నవ్వును ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది.

సోమవారం పొద్దున మేనేజర్ వీరేశం ఆమెను రిసెప్షన్ దగ్గరే, అందరి ముందూ నిలబెట్టాడు.

"శనివారం నీ వార్డుల పిల్లగాడు సచ్చిపోయిండు. తెల్లారి నువ్వు శవాలను సూసి పండ్లికిలిస్తవా? సిగ్గుండాలె. తప్పైందని లెటర్ రాసియ్యి."

బైకు మీంచి పడి చనిపోయిన ఆ పిల్లవాడి అక్క, అక్షిత, అక్కడే ఉంది. కాగితాల కోసం త్రిపురారం నుంచి వచ్చింది. "నువ్వే సూడమ్మా" అంటూ వీరేశం ఆ స్టేటస్ ఫోటో తెరిచి తన ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

కరుణకు ఒళ్లు మండిపోయింది. పిల్లవాడు పోయిన పూట ఈయన వార్డు గడప తొక్కలేదు. గ్లవ్స్ అయిపోయాయని ఫోన్ చేస్తే రేపు చూద్దామన్నాడు.

"నేను నవ్వింది ఆ పిల్లగాన్ని సూసి కాదు సార్. గా సినిమాల రక్తం ఎవ్వలూ కడగరు. తల తెగినోడు గూడ లేసి మాట్లాడ్తడు. పదకొండేండ్లల్ల ఈడ ఒక్కడన్న లేసిండా? లేస్తే నేను టికెట్ కొనుక్కొని కోదాడ దాక ఎందుకు పోత?"

అక్షిత ఫోన్‌లోంచి తలెత్తింది. "ఏమన్న గానీ అక్కా, నీకు నవ్వెట్ల వచ్చింది?"

ఆ మాట కరుణకు వీరేశం తిట్టిన తిట్లకంటే గట్టిగా తగిలింది.

"రాకపోతే నేను మల్ల ఈడ అడుగు పెట్టలేను బిడ్డా. మీ తమ్ముని జుట్టుల కంకర ఇరుక్కుంది. మీ అమ్మ సూసేటాల్లకు ఉండొద్దని కూసోని ఒక్కొక్కటి తీసిన. ఒట్టి చేతుల్తోటి."

అక్షిత వీరేశం వైపు తిరిగింది.

"ఒట్టి చేతులెందుకు? మీ దవాఖానల గ్లవ్స్ గూడ లేవా?"

"అదేం లేదమ్మా, ఆ రోజు స్టాకు..."

"మా తమ్ముని పేరు జెప్పి ఈమెతోటి లెటర్ రాయిస్తవా? ముందు నువ్వు రాయి!"

ఆ అరుపుకు వరండాలో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. అక్షిత కాగితాలు లాక్కుని వెళ్లిపోయింది. కరుణ వైపు మాత్రం చూడలేదు. క్షమించిందో లేదో కరుణకు తెలియలేదు, తెలుసుకోవాలని వెంటపడలేదు కూడా.

లెటర్ ఆమె రాయనే లేదు. వీరేశం ఆ నెల ఆదివారాలన్నీ ఆమెకు డ్యూటీ వేశాడు. కరుణ గురువారం సెలవు పెట్టి, ఎందుకని అడిగినవాళ్లకు సినిమాకేనని ముఖం మీదే చెప్పి, మిర్యాలగూడ బస్సెక్కింది.

అదే సినిమా అయినా ఈసారి వెంటనే నవ్వు రాలేదు. ఇంటర్వెల్ దాకా పళ్లు కొరుకుతూనే చూసింది. ఆ తర్వాత తెర మీద తల పగిలినప్పుడల్లా, ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా, "ఇంకోటి కొట్టవ్వా" అని పైకే అంది.