గడప తీసిన ఇల్లు

గోనెపట్టా ముక్క మళ్ళీ కుర్చీ చక్రానికి చుట్టుకుంది. ఆర్కిటెక్టు చేతికర్రతో దాన్ని లాగి గోడవారకు విసిరేశాడు.

"ఎన్నిసార్లు చెప్పాలక్కా నీకు!"

పదేళ్ళుగా పొద్దున్నే ఇదే తంతు. గుమ్మానికో ముక్క పరుస్తుంది అక్క. ఏరి అవతల పారేస్తాడు తమ్ముడు.

"కాళ్ళు తుడుచుకోవడానికిరా," అంది ఆమె రోజూ అన్నట్టే. చూపు పోయిన కళ్ళు అతని గొంతు వైపు తిరిగాయి.

ఆ ఇంటికి ఒక్క గడపైనా లేదు. చిన్నతనంలో కాళ్ళు చచ్చుబడిన తమ్ముణ్ణి చంకనేసుకుని ఊళ్ళో గడపలన్నీ దాటించింది అక్కే. అందుకే సొంతిల్లు కట్టగానే గడపల మీద కసి తీర్చుకున్నాడు. బడులకూ ఆస్పత్రులకూ ర్యాంపులు పెట్టించడం కోసం చెప్పులరిగేలా తిరిగాడనడానికి లేదు గానీ, చక్రాలు మాత్రం నాలుగు జతలు అరిగాయి. పత్రికలవాళ్ళు ఇంటిని ఫోటోలు తీసుకున్నారు. "మా తమ్ముడింట్లో బంతి వదిలితే వీధిలోకెళ్ళి ఆగుతుంది," అని వాళ్ళ దగ్గర గొప్పలు పోయింది అక్క.

అలాంటి మనిషి ఇవాళ కూతురింటికి వెళ్ళిపోతోంది, ఇక అక్కడే ఉండటానికి. ఆరు మెట్లు, గదిగదికీ జానెడు గడప ఉన్న పాత ఇల్లది. అతని కుర్చీ ఆ వాకిలి కూడా ఎక్కదు.

"ఇక్కడ నీకేం లోటు చేశానక్కా?"

"లోటేం లేదురా. నాలుగింటికి కారొస్తుంది. ఆలోగా వచ్చెయ్."

మూతి ముడుచుకుని పనికి పోయాడు.

ఆ రోజు కొత్త గ్రంథాలయాన్ని సరిచూడాలి. చూపులేని సంగీతం మాస్టారిని పిలిపించాడు. ఆయన చెప్పులు విప్పి నడిచి, నడవా మధ్యలో ఆగిపోయారు.

"నేల అద్దంలా ఉంది బాబూ. కానీ గది ఎక్కడ మొదలైందో నా కాలికి చెప్పేదెవరు? మీ ఇంట్లో మాలాంటివాళ్ళుంటే ఈపాటికి మీకే తెలిసేది లెండి."

అతనికి తల కొట్టేసినట్టయింది. గుమ్మంగుమ్మానికీ పరిచిన గోనెపట్టాలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గుమ్మాల్లో పలచటి గరుకు పలకలు వేస్తే పాదానికి తెలుస్తుంది, చక్రానికి అడ్డూ ఉండదు. పావుగంటలో బొమ్మ గీసి మేస్త్రీకిచ్చాడు. అక్కడే ఉన్న గరుకు పలకల్లో నాలుగు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. మొదటి బస్సుకు ర్యాంపు దిగలేదు. రెండో బస్సు దొరికేసరికి నాలుగు దాటింది.

ఇల్లు ఖాళీగా ఉంది. అక్క కూతురింటికి చేరేదాకా ఆగి ఫోన్ చేశాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"ఊరంతా మెచ్చుకున్న ఇంటికి నేను వంక పెట్టనా?" అంది అక్క. "ఇక్కడ గడప తగిలిందిరా కాలికి. వంటింట్లో ఉన్నానని ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోయింది."

"పలకలు తెచ్చాను. రేపే వేయిస్తా, వచ్చెయ్యక్కా."



"పదేళ్ళు గోడలు తడుముకున్నానురా. ఇంక ఓపిక లేదు. వేళకి తిను."

ఊరందరి ఇబ్బందులూ ఇల్లిల్లూ తిరిగి అడిగినవాడు, ఇంట్లో మనిషిని ఒక్కనాడూ అడగలేదు. కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు.

వెళ్తూ వెళ్తూ గోనెపట్టాలన్నీ ఏరి, ఉతికి, అతని చేతికందేలా కిటికీలో దొంతర పెట్టింది అక్క. పైదాన్ని తీసి ఒళ్ళో పలకల మీద పరిచాడు. అంచులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. నడిమధ్యన మాత్రం ఒక్క పాదమంత మేర నార అరిగిపోయి, కిందనున్న పలక కనిపిస్తోంది.