తిరగబడ్డ రేవు

“అబద్ధం! ఇది మన రేవు కాదు!”

పాటకు నిలబెట్టిన రేవు బొమ్మను చూపిస్తూ మార్సియా పెటెన్‌గిల్ వేసిన కేకకు వేలంపాట కొట్టంలో అందరూ తిరిగి చూశారు. రాగిరేకు మీద సూదితో గీసి అచ్చొత్తిన ఎచింగులంటే ఆమెకు పిచ్చి. అమెరికన్ చిత్రకారులు గీసిన నూరేళ్ళనాటి బొమ్మలు, పాత ఫ్రేములతో సహా, ఆమె గోడల నిండా ఉన్నాయి. లేనిదొక్కటే: రేవులో చేపలకు ఉప్పు పట్టించే ఆడవాళ్ళు బతికిన ఇళ్ళవరుస. అమ్మమ్మ ఇల్లు అందులోదే. గోదాము కోసం చేపల కంపెనీ ఆ వరుసంతా కారుచవగ్గా కొని పడగొట్టింది. ఊరి పెద్దమనుషుల్లో ఒక్కడూ నోరెత్తలేదు. ఫోటో కూడా మిగల్లేదు.

“మా అమ్మ చచ్చేదాకా మన రేవనే చెప్పిందే,” అన్నాడు ఆల్డెన్ స్ప్రౌల్. ఆ బొమ్మను పాటకు పెట్టింది అతనే.

“మరి కుడిపక్కన ఉండాల్సిన చర్చి ఎడమపక్కనుందేంట్రా? మీ అమ్మకు కళ్ళజోడు మార్పించాల్సింది!”

జనం గొల్లుమన్నారు. ఆల్డెన్ మొహం మాడిపోయింది.

మాట గెలిచిన ఊపులో డోనట్ కొరుకుతూ తిరుగుతున్న మార్సియా, ఎవరో అమ్మకానికి తెచ్చిన నిలువుటద్దం ముందు ఠక్కున ఆగింది. అద్దంలో అదే బొమ్మ. చర్చి కుడిపక్కన. దాన్ని ఆనుకుని ఇళ్ళవరుస. మూడో గుమ్మం అమ్మమ్మది!

చూసింది చూసినట్టు రేకు మీద గీస్తే, కాగితం మీదకొచ్చేసరికి కుడి ఎడమైపోతుంది. ఇన్నేళ్ళుగా కొంటున్న మనిషికి తెలియని సంగతా? బుర్రకంటే నోరు ముందు పరిగెత్తింది, అంతే.

ఇప్పుడు ఆ నోరు మూసుకుంటే చాలు. బొమ్మ కాఫీ ఖర్చుకు వచ్చేస్తుంది.

పాట మొదలైంది. ఒక్క చెయ్యీ లేవలేదు. మార్సియా ఎత్తబోయింది. ఎదురుగా ఆల్డెన్ తల వంచుకుని టోపీ నలుపుకుంటున్నాడు.

“ఆగవయ్యా లెస్టర్!” అని పాట నడిపేవాడి మీద అరిచింది. “ఇది మన రేవే! అచ్చులో తిరగబడింది. నమ్మకపోతే ఆ అద్దంలో చూసుకోండి. ఆల్డెన్ వాళ్ళమ్మ చెప్పింది నిజం. వాగింది నేను!”

జనం అద్దం మీద పడ్డారు. ఆ తర్వాత చేతులే చేతులు. బోస్టన్ వ్యాపారి ఒకడు పట్టిన పట్టు వదల్లేదు. మార్సియా అంతకంటే వదల్లేదు. సుత్తి పడేసరికి బొమ్మ ఆమెది. దాని డబ్బు కోసం ఇంట్లో గోడల మీది బొమ్మల్లో సగం దించి అమ్ముకోవాలి.

“పిచ్చిమొహమా, ఊరుకుంటే ఊరికే వచ్చేదిగా!” అన్నాడు ఆల్డెన్, ఫ్రేమును ఆమె ట్రక్కులోకి ఎక్కిస్తూ. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

“ఆ ఇళ్ళను కంపెనీ ఒకసారి కారుచవగ్గా కొట్టేసింది. రెండోసారి నేను కొట్టెయ్యనా? ఎక్కు ముందు. గోడ మీంచి ఏవి దించాలో నువ్వే చెబుదువుగాని.”