పదకొండో కుచ్చెల

"పిన్ను నువ్వే పట్టుకెళ్ళు. లేదా అమ్మాయి రోనా చేత పంపించు. నా మెడకెందుకు చుడతావు?" అన్నాడు డూగల్, సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల తొక్కు తీస్తూ.

"చీటీలో మర్డో పేరు తీసింది నువ్వా, నేనా?" అంది అతని భార్య ఇష్బెల్. "ఎవరి చేతికి వచ్చిన పేరుకి వాళ్ళే ఇవ్వాలి. ఆ పద్ధతి పెట్టిన వాళ్ళలో నువ్వూ ఒకడివి."

"అప్పుడు నాకు బుద్ధి లేదు."

"ఇప్పుడు మాత్రం ఎక్కడినుంచి వచ్చింది?"

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే రగడ. క్రిస్మస్ మర్నాడు ఊళ్ళో కిల్టులు, అంటే మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చెళ్ళ గళ్ళబట్టలు, కట్టే పదిహేను మందీ కలిసి క్రీఫ్ ఊరి పైనున్న నాక్ గుట్ట ఎక్కుతారు. పైన చలిగాలిలో వణుకుతూ, నవ్వుకుంటూ బహుమతులు ఇచ్చుకుంటారు. మేజోళ్ళు, తోలుపట్టీలు, అంచు ఎగరకుండా గుచ్చుకునే పిన్నులు, ఏదైనా సరే కిల్టుకి సంబంధించినదై ఉండాలి. పిన్నైతే ఎవరికి వాళ్ళు కొనుక్కోకూడదు, ఇంకొకరు ఇవ్వాల్సిందే. డూగల్ నెల రోజులు షెడ్డులో కూర్చుని పాత వెండి చెంచా కాడని సాగగొట్టి, నున్నగా అరగదీసి మర్డో కోసం పిన్ను చేశాడు. చేసేదాకా ఉత్సాహమే. తీసుకెళ్ళి ఇవ్వడం దగ్గరికి వచ్చేసరికి ముఖం తిప్పేస్తున్నాడు.

"ప్యాంటు తొడుక్కుని ఆ గుట్ట ఎక్కనా? మర్డో నోట్లో పడితే వచ్చే ఏడాది క్రిస్మస్ దాకా నమలడూ!"

"ప్యాంటు ఎందుకు? కిల్టు లేదా?"

డూగల్ చేతిలో కత్తి ఆగింది. "అది ఇప్పుడు నాకు నిలవదు. నీకు తెలుసుగా," అని మళ్ళీ తొక్కు తీయసాగాడు. ఈసారి తొక్కుతోపాటు సగం దుంపా పోయింది.

ఇష్బెల్ ఇంక పొడిగించలేదు. ఆ కిల్టు బీరువాలో లేదన్న సంగతి ఆమెకి తెలుసు. పొడిగిస్తే తన గుట్టే బయటపడుతుంది.

మార్చిలో డూగల్ కడుపుకి ఆపరేషన్ అయింది. గండం గడిచింది కానీ మనిషి సగమయ్యాడు. మే నెలలో కిల్టు కట్టుకుని జట్టుతో శనివారం నడకకి వెళ్తే, తోలుపట్టీ చివరి బెజ్జంలో పెట్టినా నిలవలేదు. వెనక ఉండాల్సిన కుచ్చెళ్ళు పక్కకి తిరిగిపోయాయి. దారి పొడుగునా ఒక చేత్తో నడుం దగ్గర పట్టుకుని నడిచాడు. "డూగల్, లోపల మనిషి ఉన్నాడా, బట్టే నడుస్తోందా?" అన్నాడు మర్డో. అందరూ నవ్వారు, డూగల్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి కిల్టుని దాని సంచీలో పెట్టి, బీరువా తలుపు వేసేశాడు. మళ్ళీ ఆ జట్టు మొహం చూడలేదు. శనివారాలు కుర్చీలో కూర్చుని వాన చూసేవాడు.

"ఎఫీకి ఇచ్చి బిగువు చేయిద్దాం," అని ఇష్బెల్ ఎన్నిసార్లు చెప్పిందో.

"అది మా అమ్మ చేతికుట్టు. ఎవరూ తాకడానికి వీల్లేదు," అనేవాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఊరికంతా కిల్టులు కుట్టిన మనిషి. ఎఫీ పని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

అక్టోబరులో డూగల్ తన వదులు బట్టలన్నీ మూడు సంచుల్లో కుక్కి, "ఇవి ఎవరికైనా పనికొస్తాయి, తీసుకెళ్ళి ఇచ్చెయ్యి," అన్నాడు. చొక్కాలు, కోట్లు, కిందటేడు కొన్న స్వెటరు. ఆ సంచులు ధర్మానికి పాతబట్టలు అమ్మే దుకాణంలో ఇచ్చేసి వస్తూ కారులో కూర్చుని ఆమె ఏడ్చింది. మర్నాడు బీరువాలోంచి కిల్టుని సంచీతో సహా తీసుకుని ఎఫీ దగ్గరికి వెళ్ళింది.

"నేను కుట్టను," అంది ఎఫీ. "పరాయి చెయ్యి పడిందని ఆయన జన్మంతా సణుగుతాడు. నువ్వు కుట్టు. పక్కన కూర్చుని నేను చెప్తా."

"నాకు గుండీ కుట్టడం కూడా సరిగ్గా రాదు ఎఫీ!"

"అయితే క్రిస్మస్ దాకా టైముంది."

మంగళ, గురువారాలు మధ్యాహ్నం లైబ్రరీలో పుస్తకాలు చదివే జట్టులో చేరానని ఇంట్లో చెప్పింది. అత్తగారి కుట్లు ఒక్కొక్కటీ విప్పుతుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. దారం ఊడిన చోట బట్ట మీద సూది గుర్తులు ఒక వరుస కాదు, మూడు నాలుగు వరుసలు కనిపించాయి. ఇవేమిటని అడిగితే ఎఫీ కళ్ళజోడు మీంచి చూసి, "మీ ఆయన్నే అడుగు, ఎప్పుడైనా," అంది. ఎనిమిది గజాల ఉన్ని. ఇరవై ఏడు కుచ్చెళ్ళు. ప్రతి మడతా గళ్ళలో గళ్ళు కలిసేలా పడాలి. పదకొండో కుచ్చెల రెండుసార్లు విప్పి కుట్టినా వెంట్రుకవాసి వంకర మిగిలిపోయింది.

"ఏం పుస్తకం చదువుతున్నారు?" అని ఒకరోజు డూగల్ అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "లావుపాటిది. ఓడల గురించి," అనేసింది.

డిసెంబరు మొదట్లో పక్కింటి జెస్సీ ఒక మాట మోసుకొచ్చింది. "చెప్పొచ్చో లేదో గానీ, మీ ఆయన్ని ఆ ధర్మం దుకాణంలో మూడుసార్లు చూశాను. ఆడవాళ్ళ లంగాల వరసలో నిలబడి ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు." ఇష్బెల్‌కి భయం పట్టుకుంది. ఆపరేషన్ తర్వాత మతి తప్పుతోందా? డాక్టరుకి చెప్పాలా? తన గుట్టుతోపాటు ఈ భయం కూడా మూటగట్టుకుని క్రిస్మస్ దాకా మోసింది.

పండగనాడు పొద్దున్నే కూతురు రోనా, తొమ్మిదేళ్ళ మనవరాలు ఐలీ వచ్చారు. చెట్టు కింద పొట్లాలు పంచే పెత్తనం ఐలీది. ముందు అమ్మమ్మ ఒళ్ళో బరువైనదొకటి పెట్టింది. విప్పితే ఓడల గురించి రెండు లావుపాటి పుస్తకాలు.

"మీ జట్టువాళ్ళ ముందు పుస్తకం లేకుండా నువ్వు మొహం చిన్నబుచ్చుకోకూడదని," అన్నాడు డూగల్.

ఇష్బెల్ చెవుల దాకా ఎర్రబడింది.

"ఇది తాతకి. అబ్బో, ఎంత పెద్దదో!" అంటూ ఐలీ పెట్టెని ఈడ్చుకొచ్చింది.

డూగల్ మూత తీశాడు. పలచని కాగితం పక్కకి జరిపాడు. ముదురాకుపచ్చా నీలం గళ్ళు, మధ్యలో సన్నటి తెల్లగీత. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది... ఏ దుకాణంలో దొరికింది?" అన్నాడు.

"దుకాణమేమిటి?"

"ఎవరు కొనుక్కున్నారు? ఎలా పట్టుకున్నావు? నేను మూడుసార్లు తిరిగాను ఇష్బెల్. అలాంటిది రాలేదనే వాళ్ళు చెప్పారు."

ఆమెకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. నవంబరులో డూగల్ బీరువా తెరిచాడు. సంచీ లేదు. ఆ మూడు సంచుల్లో దీన్ని కూడా తానే కుక్కేశాననుకున్నాడు. అప్పటి తన మనసు సంగతి తనకి తెలుసు కాబట్టి అనుమానమే రాలేదు. పెళ్ళాంతో ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

"అమ్మ కుట్టినదాన్ని నా చేతులతో నేనే పారేశాననుకున్నాను," అన్నాడు. కిల్టు ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అందుకా ఆడవాళ్ళ లంగాలు తిరగేశావు?" అంది ఇష్బెల్.

"అక్కడ కిల్టులు లంగాల్లోనే వేలాడదీస్తారు మరి!"

ముందు ఐలీ కిసుక్కుమంది, తర్వాత రోనా. ఇష్బెల్‌కి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. మతి చక్కగానే ఉంది. మూడు వారాల బరువు ఒక్కసారి దిగిపోయింది.

కానీ అసలుది ఇంకా మిగిలే ఉంది. డూగల్ కిల్టు తిరగేశాడు. బొటనవేలితో కుట్టు వెంట రాస్తూ పోయాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇవి అమ్మ కుట్లు కావు."

"కావు."

"ఎఫీవీ కావు. ఎఫీ ఇలా కుడితే అమ్మ సమాధిలోంచి లేచొచ్చేది."

"నావి," అంది ఇష్బెల్. "లైబ్రరీకి ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. తిట్టదలుచుకుంటే తిట్టు. మీ అమ్మ కుట్టు ఒక్కటి కూడా మిగల్లేదు."

రోనా ఐలీ చెయ్యి పట్టుకుంది. డూగల్ మొదటినుంచీ కుచ్చెళ్ళు లెక్కపెట్టాడు.

"పదకొండోది వంకర."

"తెలుసు. రెండుసార్లు విప్పాను."

"అమ్మయితే మూడోసారి విప్పించేది," అన్నాడు. అని తలెత్తాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి కానీ కోపం లేదు. "నా పెళ్ళికి ఒకసారి విప్పింది. నీ పుడ్డింగు మిఠాయిలకి మరిగి ఒళ్ళు చేశాక ఒకసారి. యాభై దాటాక ఇంకోసారి."

"మరి తాకడానికి వీల్లేదని ఇన్నాళ్ళూ ఆ గొడవేంటి నాన్నా?" అంది రోనా.

అతను వేలితో కుచ్చెళ్ళు సర్దాడు. "ఆ మూడుసార్లూ వదులు చేయించుకోడానికి ఇచ్చాను. బిగువు చెయ్యమని ఎప్పుడూ ఇవ్వలేదు. బిగిస్తే... ఇక మనిషి ఇంతే అన్నట్టు ఉంటుందని."

ఇష్బెల్ వెళ్ళి అతని కుర్చీ చేతిమీద కూర్చుంది. కుచ్చెల ఒకటి వేలితో తెరిచి లోపలి మడత చూపించింది. "ఒక్క అంగుళం కూడా కత్తిరించలేదు. ఎనిమిది గజాలూ లోపలే ఉన్నాయి. నువ్వు ఒళ్ళు చేస్తే నాలుగు మధ్యాహ్నాల పని. ఈసారి పదకొండోది కూడా సరిచేస్తా."

"వద్దు. అది అలాగే ఉండనీ."

డూగల్ కట్టుకుని వచ్చేసరికి ఐలీ అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. పట్టీ సరిగ్గా నడిమి బెజ్జంలో పడింది. కుచ్చెళ్ళు వెనక ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాళ్ళు మాత్రం సన్నగా, తెల్లగా ఉన్నాయి. "తాతా, కొంగ కాళ్ళు!" అంది ఐలీ.

"మేజోళ్ళు వేస్తే సింహం కాళ్ళే," అన్నాడు డూగల్.

భోజనాల దగ్గర అతను కిల్టుతోనే కూర్చున్నాడు. కాల్చిన టర్కీ కోడిని ముక్కలు కోసింది రోనా. పుడ్డింగు రెండో ముక్క అడిగి మరీ వేయించుకున్నాడు. మార్చి తర్వాత అలా అడగడం ఇదే మొదలు. ఇష్బెల్ పెద్ద ముక్కే వేసింది. గిన్నె ఖాళీ చేసి, చెంచా పక్కన పెట్టి, ఎవరివంకా చూడకుండా అందరికీ వినబడేలా నెమ్మదిగా చెప్పాడు.

"రేపు మర్డోకి పిన్ను నేనే ఇస్తాను. పదింటికి బయల్దేరాలి."