హద్దులు తెలిసినవాడు

1962 ఏప్రిల్ నెలలో, కొడవలూరుకు మూడు మైళ్ల దూరంలో ఉన్న పాలెం మిషన్ బడికి ఒక ఆఫ్రికా విద్యార్థి వచ్చాడు. పేరు ఏలియా మ్వకాలింగ. దేశం టాంగనీకా. వాళ్లకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగు నెలలే. మన ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో వాల్తేరులో ఎం.ఏ. చదువుతున్నాడు. తన దేశంలో ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎలా తగ్గించవచ్చన్నది అతను రాస్తున్న వ్యాసం. ఒకరికి ఇంతకు మించి భూమి ఉండకూడదని ఇక్కడ భూపరిమితి చట్టం వచ్చి ఏడాది కావస్తోంది గనుక, అది ఒక ఊళ్లో ఎలా నడుస్తోందో చూసి రమ్మని అతని ప్రొఫెసరు పంపాడు.

అతనికి తెలుగు రాదు. ఇంగ్లీషు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల బడిపంతులు జకరయ్య ఒక్కడే. ఇరవై ఏడేళ్ల మనిషి, తల్లి మగ్దలీనమ్మతో బడి వెనక గదిలో ఉంటున్నాడు. మెల్లగా మాట్లాడతాడు. పెద్దరెడ్డి బండి ఎదురైతే గట్టు దిగి మడిలో నిలబడతాడు. పెద్దరెడ్డి అంటే పెంచలరెడ్డి. ఊరి మాగాణిలో సగానికి పైగా ఆయనదే. బడికి పాక వేయించింది కూడా ఆయనే.

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఏలియా అడిగేవాడు, జకరయ్య తెలుగులో చెప్పేవాడు, మళ్లీ జవాబు ఇంగ్లీషులో చెప్పేవాడు. రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలిగిస్తారు, పిల్లలు ఎందరు చదువుతున్నారు, భూమి ఎంత. పెద్దరెడ్డి దగ్గర పాలేరుగా ఉన్న మునెయ్యను భూమి సంగతి అడిగితే అతను నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"భూమా? ఇప్పుడు నేను నిలబడుండే జాగా కూడా రెడ్డయ్యదే గదా అయ్యవారూ! సెంటు ల్యా."

ఏలియా 'లేదు' అని రాసుకున్నాడు. తిరిగి వస్తూ దారిలో అన్నాడు. "మా నాన్న దొరల తోటలో కిత్తనార ఆకు కోసి కోసి ముసలివాడయ్యాడు. ఆ తోటలు రేపు మా ప్రభుత్వం చేతికి వస్తాయి. పంచడానికి చట్టం రాస్తారు. ఆ చట్టానికి చిల్లు ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకోవాలి. అందుకే వచ్చాను."

చిల్లు మూడో రోజు కనబడింది. తాసిల్దారు ఇచ్చిన చీటీ చూపించి, కరణం ఇంటి వసారాలో అడంగల్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఏ సర్వే నంబరు ఎవరిదో జకరయ్య చదువుతుంటే ఏలియా రాసుకుంటున్నాడు. ఒకచోట జకరయ్య ఆగిపోయాడు.

"ఏమైంది?"

"మునెయ్య. పదహారు ఎకరాలు. మొదటి తరగతి మాగాణి."

"ఏ మునెయ్య?"

"మనం చూసిన మునెయ్యే. తండ్రి పేరు కూడా సరిపోయింది."

కరణం ముక్కుపొడుం పీల్చడం ఆపి ఇద్దరినీ చూశాడు. జకరయ్య పేజీ తిప్పాడు. రెండో వరసలో తన పేరు ఉంది. 'జకరయ్య, తండ్రి ఏసోబు, తొమ్మిది ఎకరాలు.'

అతని కళ్లు అక్షరాల మీదే ఉండిపోయాయి. రెండేళ్ల కిందట పెద్దరెడ్డి పిలిపించి, "సాక్షి సంతకం బ్బా, మూడు చోట్ల పెట్టు" అన్నప్పుడు తను పెట్టాడు. చదవడం వచ్చినవాడే. కానీ ఆయన ఎదురుగా కాగితం పట్టుకుని చదవడానికి ధైర్యం చాల్లేదు. ఏ కాగితం మీద పెట్టాడో ఇప్పుడు తెలిసింది. ఏలియాకు తెలుగు అక్షరాలు రావు. జకరయ్య ఆ వరస వదిలేసి కింది వరస చదివాడు.

ఆ మర్నాడు ఏలియా ఒక్కడే కోవూరు వెళ్లాడు. సాయంత్రం బస్సు దిగి సంతోషంగా వచ్చాడు. "తాసిల్దారుకు మునెయ్య సంగతి చెప్పాను. ఒక పాలేరుకు పదహారు ఎకరాలు ఎలా వచ్చాయని అడిగాను. ఆయన కాసేపు ఇబ్బందిపడ్డాడు. చివరికి శుక్రవారం డిప్యూటీని పంపి విచారిస్తానన్నాడు. ఈ మధ్య చేతులు మారిన భూములన్నీ."

జకరయ్య ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. "ఎందుకు చెప్పారు?" అన్నాడు. ఆ గొంతు విని ఏలియా ముఖంలో సంతోషం పోయింది.

పెద్దరెడ్డి దగ్గర్నించి కబురు బుధవారం ఉదయమే వచ్చింది. జకరయ్య వెళ్లేసరికి ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. కోపంగా లేడు. అదే జకరయ్యను ఎక్కువ భయపెట్టింది.

"రాబ్బా జకరయ్యా. మజ్జిగ తాగుతావా?"

"వద్దండయ్యా."

"ఎండ ముదిరింది గదా. బడి పాకకు తాటాకు బాగా ఎండిపోయుండాది. నిప్పురవ్వ పడితే ఆపేదానికి కాలవలో నీళ్లు కూడా లేవు." ఆయన విసనకర్ర ఊపుకుంటూ చెప్పాడు. "మీ అమ్మ పొద్దన్నే ఒంటరిగా కాలవకు పోతా ఉంటాది, చూస్తా ఉంటాను. పెద్దముండ, జాగర్తగా ఉండమను. శుక్రవారం పిలస్తారు. నీదేనని చెప్పేసి పో. ఒక్క మాట. ఆ వచ్చిన అబ్బయ్య ఎట్టాగూ పోతాడు. నువ్వు యాడికి పోతావు?"

జకరయ్య తల ఊపాడు. మెట్లు దిగి పొలం గట్ల మీదుగా బడికి బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం, కోతలైపోయి బీటలు వారిన మళ్లు, ఎక్కడా మనిషి లేడు. వెనక సైకిలు చప్పుడు వినబడింది. తను ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది. తిరిగి చూశాడు. ఇద్దరు మనుషులు, ఒకడు తొక్కుతున్నాడు, ఒకడు వెనక కూర్చున్నాడు. పలకరించలేదు. బడి దాకా వచ్చి, పాక చూరు కింద సైకిలు ఆనించి, బీడీలు ముట్టించుకున్నారు. అగ్గిపుల్లలు ఆర్పకుండా ఒక్కొక్కటే చూరు వైపు చూపించి కింద పారేశారు. మగ్దలీనమ్మ ఆ పుల్లలు తొక్కి ఆర్పుతూ వాళ్ల ముఖాల్లోకి చూసింది. వాళ్లు నవ్వి వెళ్లిపోయారు.

"ఏంది నాయనా ఇది? ఏం చేసినావు?" అంది తల్లి.

అతను అంతా చెప్పాడు. ఆమె కింద పడ్డ అగ్గిపుల్లలన్నీ ఏరి కొంగులో వేసుకుంది. "నీదేనని చెప్పెయ్ రా. దేవుడు క్షమిస్తాడు. రెడ్డి క్షమించడు" అంది చివరికి.

ఏలియాకు బెదిరింపు సంగతి మాత్రం చెప్పాడు, తన పేరు సంగతి చెప్పలేకపోయాడు. ఏలియా తల పట్టుకున్నాడు. "నేను వెళ్లిపోయేవాణ్ని. అది ఆలోచించకుండా మాట్లాడాను. రేపు వెళ్లి పొరపాటని చెప్పనా?" అప్పటికే కాగితం కదిలిపోయింది. మునెయ్య మాత్రం ఆ రెండు రోజులూ ఎవరికీ కనబడలేదు. పెద్దరెడ్డి దొడ్లోనే ఉంచారన్నారు.

శుక్రవారం పది గంటలకు చావడి నిండింది. డిప్యూటీ తాసిల్దారు బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన కుర్చీలో పెద్దరెడ్డి. గుమ్మం దగ్గర సైకిలు మనుషులిద్దరూ. ఏలియాకు ఒక స్టూలు వేశారు. జకరయ్య అతని వెనక నిలబడి జరిగేది చెవిలో చెబుతున్నాడు.

మునెయ్యను పిలిచారు. ఉతికిన పంచె కట్టించారు. అది అతనిది కాదు, పొడుగు ఎక్కువై కాళ్లకు అడ్డం పడుతోంది.

"ఈ పదహారు ఎకరాలు ఎవరివి?"

"నావే సామీ."

"కొన్నావా?"

"కొనుక్కున్యా సామీ."

చావడిలో ఎవరో దగ్గారు. డిప్యూటీ నమ్మలేదని ముఖమే చెబుతోంది. "నీదైతే హద్దులు చెప్పు చూద్దాం."

పెద్దరెడ్డి కుర్చీలో ముందుకు వంగాడు. హద్దులు చెప్పించడం ఆయనకు తట్టినట్టు లేదు. కానీ మునెయ్య తల ఎత్తాడు.

"తూరుపున పిల్లకాలవ సామీ, దాని గట్టు మింద మూడు తుమ్మచెట్లు, మధ్యది పిడుగు పడి చీలుండాది. దక్షిణాన గొడ్ల డొంక. పడమటేమో హజరత్తయ్య సాయిబు మడి, ఆ గెనెం ఏటా ఒక జానెడు మన వైపుకు జరగతా ఉంటాది, నేనే సరిచేస్తా. ఉత్తరాన తాటితోపు. ఈశాన్య మూల సౌడు నేల సామీ, ఆడ మొలకొలుకుల వడ్లు రావు, జీలగ చల్లి దున్నాల. నడిమి మడిలో నీళ్లు నిలవవు, ఎండ్రకాయల బొక్కలు. పొద్దున్నే పోయి మూసుకోవాల."

అతను ఆగలేదు. ఏ మడికి ఎన్ని సాళ్లు, ఏ మూల అరక బరువెక్కుతుంది, ఏ ఏడు వరదకు ఏ గట్టు తెగింది, అన్నీ చెప్పాడు. ముప్పై ఏళ్లు దున్నిన నేల అది. చెబుతున్నంతసేపూ అతని గొంతులో భయం లేదు. డిప్యూటీ కలం ఆపి వింటూ ఉండిపోయాడు. చివరికి, "ఇంత తెలిసినవాడు సొంతదారు కాకపోతే ఇంకెవరు?" అని రాసుకున్నాడు. వేలిముద్ర వేయించాడు. పెద్దరెడ్డి వెనక్కి వాలాడు.

"జకరయ్య. తండ్రి ఏసోబు. తొమ్మిది ఎకరాలు."

ఏలియా ఆ పేరు గుర్తుపట్టి వెనక్కి తిరిగి చూశాడు. జకరయ్య అతని కళ్లలోకి చూడకుండా బల్ల ముందుకు వెళ్లాడు.

"నీదేనా?"

ఔనని చెప్పడానికే వచ్చాడు. గుమ్మం దగ్గర ఒకడు అగ్గిపెట్టెను చేతిలో ఆడిస్తున్న చప్పుడు వినబడుతోంది. "ఔ... ఔనండి."

"హద్దులు?"

జకరయ్య నోరు తెరిచాడు. ఆ పొలం ఎక్కడుందో కూడా అతనికి తెలియదు. చెమట కంట్లోకి దిగింది. అప్పుడు వెనక నుంచి, పెదవులు కదపకుండా, మునెయ్య గొంతు సన్నగా వినిపించింది.

"తూరుపున చింతల డొంక అయ్యవారూ... చెప్పు... చింతల డొంక..."

జకరయ్య ఓరగా చూశాడు. మునెయ్య రెండు చేతులూ జోడించి ఉన్నాడు. తను దున్నిన భూమిని తనదని అబద్ధమాడాల్సి వచ్చిన మనిషి, ఇప్పుడు పంతుల్ని కాపాడటానికి హద్దులు అందిస్తున్నాడు. ఆ తొమ్మిది ఎకరాలు దున్నిందీ అతనే.

జకరయ్య ఆ మాట అందుకోలేకపోయాడు.

"నాది కాదు సార్" అన్నాడు. గొంతు అరిచినట్టు వచ్చింది. "సాక్షి సంతకమని పెట్టించుకున్నారు. నేను చదవకుండా పెట్టాను. నాకు హద్దులు తెలీవు. ఆ నేలలో నేనెప్పుడూ కాలు పెట్టలేదు."

పెద్దరెడ్డి లేచి, ఎవరినీ చూడకుండా చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

డిప్యూటీ అలాగే రాశాడు. జకరయ్య సంతకం పెట్టాడు. ఈసారి ప్రతి వరసా చదివాడు.

బయట మునెయ్య అతని చేయి పట్టుకున్నాడు. "ఎందుకట్ట చెప్పినావయ్యా? వాళ్లు ఊరకుంటారా?" అన్నాడు. తరవాత ఇంకా మెల్లగా, "హద్దులు చెప్తా ఉంటే నిజంగా నాదే అనిపించిందయ్యవారూ. అది తలుచుకుంటేనే భయమేస్తా ఉండాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఏలియా తన నోటుపుస్తకాలూ, మగ్దలీనమ్మ మూటా, బడి పిల్లల హాజరు పుస్తకమూ ఒకే బండిలో వేయించాడు. ముగ్గురూ కొడవలూరు వెళ్లి నెల్లూరు బస్సెక్కారు. బస్సు కదిలేదాకా జకరయ్య రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. "మీ పేరు నాకెందుకు చెప్పలేదు?" అని ఏలియా అడిగాడు. "భయపడ్డాను" అన్నాడు జకరయ్య. "నేను భయపడాల్సిన చోట భయపడలేదు. తప్పు ఎక్కువ నాది" అన్నాడు ఏలియా.

ఆదివారం పాక కాలిపోయిందని తెలిసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరి పనో ఎవరూ చెప్పలేదు.

మిషన్‌వాళ్లు జకరయ్యను జువ్వలదిన్నె బడికి పంపారు. తొమ్మిది ఎకరాలు మిగులు భూమిగా తేల్చారు. పెద్దరెడ్డి కోర్టుకు వెళ్లాడు, అది ఏళ్ల తరబడి నడిచింది. 1965లో దార్-ఎస్-సలాం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏలియా అక్కడ ప్రభుత్వంలో భూముల శాఖలో పనిచేస్తున్నాడు. ఊరి పేరూ మనుషుల పేర్లూ తీసేసి ఆ చావడి సంగతి పై అధికారులకు రాశానన్నాడు. 'ఎవరి పేరు ఉందని అడగడం చాలదు, పంట ఎవరింటికి చేరుతుందో చూడాలి. అలా చూడబోయేముందు, నిజం చెప్పినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడో కూడా చూడాలి. ఈ రెండో వాక్యం మావాళ్లు కొట్టేశారు. మళ్లీ రాస్తున్నాను.'

జకరయ్య ఆ ఉత్తరాన్ని తల్లికి తెలుగులో చదివి వినిపించాడు. ఆమె మునెయ్య ఎలా ఉన్నాడని అడిగింది. ఎవరినైనా అడిగి కనుక్కునే ధైర్యం ఇంకా రాలేదని చెప్పాడు. ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు, మూడేళ్ల తరవాత మొదటిసారి, కొడవలూరు బస్సెక్కాడు. దారి పొడుగునా, ఎదురైన ప్రతి సైకిలునూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అయినా దిగాడు.