తెర మూసి పెట్టిన పరీక్ష

ఆ గుంపులో అందరూ ఆమెను తక్కెడక్క అనేవారు. మామూలు రోజుల్లో కాలేజీలో లెక్కలు చెప్పుకునే మనిషి. ఆదివారం వచ్చిందంటే చాలు, సరదాకి సొంతంగా ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసే వాళ్లందరినీ సైకిల్ షాపు మీది గదిలో కూర్చోబెట్టి, ఎవరి భాష ఎంత గట్టిదో తేల్చేది. ఆ భాషలతో లోకానికి పనేం లేదు. ఒకదానికి కూడిక తప్ప ఏమీ రాదు, ఇంకోదానిలో అన్నీ వెనక నుంచి ముందుకు రాయాలి. అయినా కన్నవాళ్లకు ముద్దే కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఒక్కొక్కరూ గొంతు చించుకునేవారు.

ఈసారి ఆమె తమ్ముడూ ఒక భాష పట్టుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. పెళ్లాం "పిచ్చి ముదిరింది" అని సాధిస్తున్నా వినకుండా, పని నుంచి వచ్చి రోజూ కాస్త కాస్తగా దాన్ని అల్లుకొచ్చాడు.

పరీక్షకు ముందు ఎవరి భాష గురించి వాళ్లు నాలుగు ముక్కలు చెప్పుకోవడం అక్కడి పద్ధతి. తమ్ముడు లేవగానే ఆమెకు ఒకటే భయం. సొంతవాడికి కొమ్ము కాస్తోందని ఎక్కడ అంటారో!

"నువ్వేం చెప్పక్కర్లేదు, కూర్చోరా. యంత్రమే చెబుతుంది," అంది. వాడు నవ్వుతూనే కూర్చున్నాడు.

వేగం కొలిచేటప్పుడు ఆమె తెర మీదికి ఏ రాతా రానివ్వదు. అక్షరాలు పడేందుకు పట్టే క్షణాలు లెక్కలో కలవకూడదని ఆవిడ పట్టుదల. మధ్యలో కావాలనే ఒక తప్పు పెట్టిన లెక్కను అన్ని భాషలకూ ఇచ్చింది. మిగతావి తప్పు దగ్గరికి రాగానే చేతులెత్తేసి పని ముగించేశాయి. తమ్ముడిది మాత్రం ముగియలేదు, ముందుకూ కదల్లేదు.

"మీవాడి లిఫ్టు అంతస్తుల మధ్య ఇరుక్కుందక్కా!" అన్నాడు వెనక నుంచి, ఆ గుంపులోనే ఉన్న ఒక టైలరు.

గది గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "ప్రాణం లేని భాష" అని తీర్పు చెప్పి అట్టడుగున పడేసింది. ఆహా, ఏం న్యాయం!

ఇంటికెళ్లాక మనసొప్పక, ఈసారి తెర తెరిచే ఉంచి మళ్లీ నడిపింది. తెర మీద ఒక మాట మెరిసింది: "ఇక్కడ సున్నాతో భాగించమన్నారు. పొరపాటేమో, చూస్తారా? మీరు చెప్పేదాకా ఆగుతాను."

పరీక్షలోనూ అది అలాగే అడిగింది. చూసిన దిక్కు లేదు. ఆమె తప్పు దిద్దగానే మిగతా లెక్కంతా చకచకా చేసేసింది. తప్పు చేసినవాళ్ల మీద విరుచుకుపడకుండా నెమ్మదిగా అడిగే భాష ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

మర్నాడే తమ్ముడింటికి పరుగెత్తింది. వాడు వంటింటి కుళాయి బిగిస్తున్నాడు.

"ఒరేయ్, తప్పు నాదిరా. వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్తాను."

"ఎందుకులే అక్కా. ఆ భాషను తుడిచేశాను."

"నా దగ్గర కాపీ ఉందిగా!"

"ఉంచుకో." వాడు కుళాయి తిప్పి చూసుకున్నాడు. "ఓడినందుకు కాదులే. అందరూ నవ్వారు, నవ్వనీ. నువ్వు నవ్వావు చూడు... మా అక్కకే చెప్పుకోలేనిది ఇంకెవరికి చెప్పుకుంటాననిపించింది."

వాడు ఆమెను తిట్టినా బాగుండేది. వాడు చేతులు తుడుచుకుని, "కూర్చో, నీ మరదలు వచ్చేస్తుంది," అంటూ కుర్చీ జరిపాడు.

ఆదివారం ఆమె అందరి ముందూ ఆ భాషను నడిపి చూపించింది. టైలరుతో సహా అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వాడు రాలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.